ఏ దీవిలో పెట్టాం తద్దినం?

గురువారం మధ్యాహ్నం డ్యూటీ దిగి, అల్ మన్సూరాలో టాక్సీ ఎక్కి, రెండున్నరకల్లా దోహా విమానాశ్రయంలో ఉన్నాను. సంచిలో బట్టలకంటే దర్భలూ నువ్వులే ఎక్కువ. బహ్రేన్‌లో ఉండే మా చెల్లెలు లలిత మామగారు పోయి ఏడాదైంది. ఆమె భర్త శర్మకి ఇండియా వెళ్ళడానికి సెలవివ్వలేదు, అక్కడ పురోహితుడూ దొరకలేదు. తాతగారి దగ్గర మంత్రం నేర్చుకుని, శుక్రవారాలు మా ఫ్లాట్‌లో పదిమందిచేత పారాయణ చేయించే నన్ను పట్టుకున్నారు.

ఈ విమానం ఎక్కేవాళ్ళకి ఒక సలహా: ఇచ్చింది ఇచ్చినట్టు తినేయండి. ప్రయాణం ముప్పావుగంట కూడా ఉండదు. శాండ్‌విచ్‌లో కోడి ఉందా లేదా అని నేను విచారిస్తుండగానే ట్రే పట్టుకుపోయారు.

శర్మ కారు తెచ్చాడు. విమానాశ్రయం నుంచి ఇల్లు పది నిమిషాలే, ఆ పది నిమిషాలూ ఒకటే బెంగ. వాళ్ళ నాన్నగారు బడిలో జాగ్రఫీ మాస్టారు. మ్యాపులో ఊరు తప్పు చూపించినవాడి వేళ్ళమీద స్కేలు విరిగేది. కొడుక్కీ మినహాయింపు లేదు.

"సంకల్పంలో ఎక్కడున్నామో చెప్పాలి కదా బావగారూ. ఏం చెప్పిస్తారు?"

"జంబూద్వీపే..."

"అది అందరూ చెప్పేదే. ఇది దీవుల దేశం. తప్పు చెబితే నాన్న పిండం ముట్టరు."

శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ రెండు నదుల మధ్య ఉన్నామో కూడా చెప్పాలి. దోహాలో నేను నదుల్ని వదిలేస్తాను, అక్కడ వచ్చేవి నీళ్ళ ట్యాంకర్లే. పురాణాల్లో ద్వీపాలు ఏడు. వాటి చుట్టూ ఉప్పు, చెరకురసం, కల్లు, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ళ సముద్రాలు. నేను అక్షరాలా నమ్ముతాను. నా ఫిర్యాదల్లా, మన వాటాకి ఉప్పుది ఇచ్చారనే.

శుక్రవారం పదింటికి కూర్చున్నాం. జంబూద్వీపం తర్వాత "బహ్రేన్ ద్వీపే" అని గట్టిగా చెప్పించాను. శర్మ కళ్ళు తుడుచుకుంటూ పిండం పెట్టాడు. లలిత గారెలు నేను నాలుగు ఎక్కువే తిన్నాను.

మూడింటికి, విమానానికి ముందు ఊరు చూపిస్తానని శర్మ నన్నూ లలితనీ కారెక్కించాడు. కాసేపటికి రోడ్డుకి రెండు పక్కలా సముద్రం.

"ఇదేం వంతెన?" అన్నాను.

"అవతల మనామా బావగారూ. అసలు బహ్రేన్ దీవి అదే. మనం ఉండేది ముహర్రఖ్ దీవి..." అంటూనే కారు పక్కకి లాగి ఆపేశాడు.

దేశానికీ పెద్ద దీవికీ ఒకటే పేరు. పొద్దున ఇద్దరికీ తట్టలేదు. తద్దినం ఒక దీవిలో పెట్టి, చిరునామా పక్క దీవిది చెప్పాం.

"వంతెన ఉందిగా, మావగారు నడిచొస్తార్లెండి," అంది లలిత వెనక సీట్లోంచి.

శర్మ నవ్వలేదు. "మళ్ళీ పెడదామా?"

"భోంచేశాక కుదరదు."

"ఏడాదికి ఒక్క రోజు బావగారూ. అదీ తప్పు చెప్పాను."

నేను వాచీ చూసి, విమానానికి టైమవుతోందన్నాను.

అయిదున్నర విమానం. పైకి లేవగానే కిటికీలోంచి దేశమంతా కనిపించింది. పెద్ద దీవి, దాన్ని వంతెనలతో పట్టుకుని వేలాడే చిన్నవి, నీళ్ళు తీస్తే తేలి పొంగితే మునిగే ఇసుక తిన్నెలు. ఖతర్ ఒడ్డు దగ్గరి దీవులు కొన్ని మావంటే మావని రెండు దేశాలూ తగువులాడుకుంటున్న రోజులవి. అక్కడ తద్దినం పెట్టేవాడి గతేమిటో!

పక్క సీటతనిది కరీంనగర్ వైపు. దోహాలోనే మెసైమీర్ వైపు ఒకరింట్లో డ్రైవరు.

"ఏం సారూ, మొకం గట్ల వెట్టిండ్రు?"

చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు.

"మా అమ్మకు గల్ఫంత దుబాయే సారూ. పొద్దుగాల దీపం వెట్టి, దుబాయ్‌ల ఉన్న నా కొడుకును సల్లగ సూడు సామీ అని మొక్కుతది. నేను ఎన్నేండ్ల సందో ఖతర్‌ల ఉన్న."

"మరి?"

"మరేంది, సల్లగనే ఉన్న గద!"

దోహాలో దిగి, సంచి తీసుకోకముందే ఫోన్ బూత్ వెతుక్కున్నాను. శర్మకి ఆ మాట ఆ యాసలోనే అప్పజెప్పాను.

"నాన్న ఒప్పుకోరు బావగారూ," అన్నాడు, గొంతులో నవ్వుతో. "స్కేలు పట్టుకునే వచ్చుంటారు. కానీ వచ్చుంటారు."