నాకు పడని నా కుక్కలు

ఆ రోజు ఆపరేషన్ బల్ల మీద ఉన్నది మైపాడు నుంచి పట్టుకొచ్చిన ఆడకుక్క. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. నా ఉద్యోగంలో అన్నిటికన్నా ఎక్కువగా చేసిన పని అదే. పొట్ట తెరిచి రక్తనాళానికి ముడి వేస్తుండగా దగ్గు వచ్చింది. ఒకటి కాదు, తెరలు తెరలుగా. దారం పట్టుకున్న చెయ్యి ఊగిపోతోంది. ముడి జారితే కుక్క ప్రాణం పోతుంది. పళ్లు బిగబట్టి ఎలాగో ముడి బిగించి కుట్లు వేశాను. బయటికొచ్చి గోడకు ఆనుకుంటే, లోపలికి పోయిన ఊపిరి బయటికి రావడం లేదు.

నేను పశువైద్యురాలిని. నెల్లూరు దగ్గర వీధికుక్కల కోసం నడిపే ప్రభుత్వ సంరక్షణ కేంద్రంలో ఏళ్ల తరబడి పనిచేశాను. పట్టుకొచ్చిన కుక్కకి ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, పుండు మానాక ఏ వీధిలో పట్టామో అక్కడే వదిలిపెట్టాలి. కాలు విరిగినవీ, తల్లి లేని పిల్లలూ మా దగ్గరే ఉండిపోతాయి. గొడ్ల డాక్టరు చదివి కుక్కల్ని కడగడమేమిటని ఇంట్లో ఎంత సణిగినా నేను వినలేదు. నాకు ఆ పనే కావాలి.

దగ్గుని ఫినాయిల్ మీదికి నెట్టేశాను. కుక్కల గదులు చూసే రమణమ్మ నా రొమ్ములో శబ్దం విని నవ్వింది. "ఏంది మేడం, కుక్కల డాక్టరు దగ్గర పిల్లికూతలు వినపడతా ఉండాయి? పోయి చూపించుకోండి. నవ్వులాటకి చెప్పడంలే."

చూపించుకున్నాను. ఎక్స్‌రే నార్మల్. రక్తపరీక్షలో ఇసినోఫిల్స్, అంటే అలర్జీకి పెరిగే కణాలు, ఎక్కువ. "వైరల్ బ్రాంకైటిస్ అమ్మా, అదే తగ్గిపోతుంది" అంటూ ఒక డాక్టరు యాంటీబయాటిక్ రాశాడు. ఇంకొకాయన అలర్జీ మాత్రలు ఇచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. ఏం పని చేస్తావని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. జబ్బు నాకు గానీ కుక్కకి కాదు కదా!

ఆయాసం వచ్చినప్పుడల్లా నేను చేసుకున్న వైద్యం ఒకటుంది. తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. కుక్కపిల్లల గదిలోకి పోయి నేల మీద కూర్చునేదాన్ని. ఒకటి ఒళ్లోకి ఎక్కేది, ఇంకొకటి చున్నీ పట్టుకుని లాగేది, మరొకటి మెడ దాకా పాకి చెవి నాకేది. మనసు కుదుటపడేది. మనసు కుదుటపడితే ఊపిరీ కుదుటపడుతుందిలే అనుకునేదాన్ని. సాయంత్రానికి ఆయాసం రెట్టింపయ్యేది. మర్నాడు మళ్లీ ఆ గదికే.

చివరికి సెలవు పెట్టి సూళ్లూరుపేటలో ఉన్న అక్క దగ్గరికి పోయాను. కొన్నాళ్లకే దగ్గు పోయింది. "ఏమ్మే, వచ్చిననాడు మెట్లెక్కలేక కూలబడినావు. ఇప్పుడు బస్టాండు దాకా మాట్లాడుకుంటా నడిచినావే" అంది అక్క. పులికాట్ సరస్సు గాలి మహిమ అనుకుని సంబరపడి తిరిగొచ్చాను. డ్యూటీలో చేరిన రోజు మధ్యాహ్నమే రమణమ్మ నన్ను ఆటోలో వేసుకుని క్యాజువాలిటీకి పరిగెత్తింది. నెబులైజర్ పెట్టారు.

అక్కడి నుంచి ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పంపారు. ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీ గొట్టంలోకి "ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి" అంటూ ప్రాణం తీశారు. తర్వాత ఆయన, "ఏం పని చేస్తారమ్మా?" అన్నారు. చెప్పాను. పెన్ను కింద పెట్టి, "సెలవుల్లో ఎలా ఉంటుంది?" అన్నారు. అక్క అన్న మాట గుర్తొచ్చింది.

ఒంటికి ఏది పడదో తేల్చే స్కిన్ ప్రిక్ టెస్ట్ చేశారు. ముంజేతి మీద చుక్కలు పెట్టి సూదితో గుచ్చారు. దుమ్ము, బొద్దింక, ఆవు, పుప్పొడి, అన్నీ ఊరికే ఉన్నాయి. కుక్క చుక్క ఉన్నచోట మాత్రం ఇంత దద్దురు లేచింది. "ఆక్యుపేషనల్ ఆస్తమా, అంటే చేసే పని వల్ల వచ్చే ఉబ్బసం. కుక్క మీకు పడదు. పని మారితే మంచిది" అన్నారు. నా పిల్లల మీద ఎవరో చాడీలు చెప్పినట్టు కోపం వచ్చింది నాకు. మారనన్నాను. సరే చూద్దామని ఇన్హేలరూ, మాస్కూ ఇచ్చారు.

కొంతకాలం బాగానే గడిచింది. తర్వాత వాయుగుండం వానలకి కుక్కపిల్లల గదిలోకి నీళ్లు వచ్చాయి. పిల్లలు చలికి కొయ్యబారిపోయాయి. తడిసిన మాస్కులోంచి ఊపిరాడక దాన్ని పీకి పారేసి, పిల్లల్ని తుడిచి గుండెలకి హత్తుకుని కూర్చున్నాను. తర్వాత సంగతి నాకు తెలియదు. కళ్లు తెరిస్తే ఐసీయూ. ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకి జరిపి, "పిల్లలు?" అన్నాను.

"అన్నీ బతికినాయి మేడం. మీరే ఇంకా తేలాల" అంది రమణమ్మ కళ్లు తుడుచుకుంటూ.

ఊపిరితిత్తుల డాక్టరుగారు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మందు నేనిస్తా. కుక్కల్ని మీరు మానుకోవాలి. రెండూ కావాలంటే నా వల్ల కాదు డాక్టరమ్మా" అన్నారు. ఆయన్ని తిట్టుకున్నాను. ఇంటికొచ్చి బదిలీకి రాసుకున్నాను.

ఇప్పుడు ఇందుకూరుపేట వైపు పశువుల ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. గేదెలు, ఆవులు, మేకలు. పొద్దునా సాయంత్రం ఇన్హేలర్ పీలుస్తాను, పిల్లికూతలు లేవు, మెట్లు గబగబా ఎక్కుతాను. గేదెలు మంచివే పాపం, వాటి మీద నాకేం ఫిర్యాదు లేదు. కానీ పనిలో ఉన్నప్పుడు ఏ కుక్కా వచ్చి మోకాలికి ఆనుకుని నిలబడదు. ఆ బరువు కోసం నా మోకాలు ఇంకా ఎదురుచూస్తుంది. వీధిలో ఏ కుక్కైనా తోకాడిస్తూ దగ్గరికొస్తే, నేను రోడ్డు దాటి అవతలికి పోతాను. నేనెందుకు పోతున్నానో దానికి ఎట్లా చెప్పను?

ఇది చదివేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఊపిరి సరిగా ఆడకపోతే, మీరు రోజంతా ఏ పనిలో ఉంటారో, సెలవు రోజున ఎలా ఉంటుందో, డాక్టరు అడగకపోయినా మొదటిసారే చెప్పండి. పిండిమర కానీయండి, కోళ్లఫారం కానీయండి, రొయ్యల షెడ్డు కానీయండి. ప్రాణంగా చూసుకునే పనైతే మరీ ముందు చెప్పండి. దాన్ని మనం అనుమానించం.

మొన్న మైపాడు నుంచి ఒకాయన జ్వరంతో ఉన్న కుక్కని తెచ్చాడు. అలాంటప్పుడు నేను వరండాలో కిటికీ అవతల నిలబడతాను. లోపల మా కాంపౌండర్ మస్తానయ్య నా చేతులవుతాడు.

"కడుపు నొక్కండి. గట్టిగా ఉందా?"

"లేదు మేడం."

చిగుళ్లు చూపించమన్నాను. ఇంజక్షన్ చెప్పాను, వేశాడు. ఇక పంపించెయ్యాలి.

"చెవి వెనకాల చెయ్యి పెట్టండి మస్తానయ్యా."

"పెట్టినాను."

"ఎట్టుంది?"

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. వైద్యానికి అక్కర్లేని ప్రశ్న అని ఆయనకి తెలుసు. చెయ్యి తియ్యలేదు.

"మెత్తగా ఉండాది మేడం. వెచ్చగా ఉండాది" అన్నాడు. "కళ్లు మూసుకునింది."