గరాచర్మకు నేను రప్పించిన రుతుపవనం

నా మాట నమ్మి ఒక వీధి వీధంతా స్నానాలు మానుకున్న కథ చెబుతాను. నవ్వండి, కానీ మా ఆవిడ లక్ష్మికి వినపడేలా నవ్వకండి. ఆవిడకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

అండమాన్‌లో పుట్టినవాడికి ఒక గర్వం ఉంటుంది. నైరుతి రుతుపవనాలు ముందు మా గుమ్మం తొక్కి, ఆ తర్వాతే కేరళ వెళ్తాయి. వాటి రాకను కనిపెట్టడానికి నాకు వాతావరణ శాఖ దేనికండీ? రెండు రోజులు వరుసగా వాన, నల్లమబ్బు, వేలు తడిపి గాల్లో పెడితే నైరుతి గాలి. మూడూ కుదిరితే వచ్చేసినట్టే. సూత్రం నా సొంతం.

ఆ మే నెలలో మా ఊరు గరాచర్మలో కొళాయి మూడు, నాలుగు రోజులకోసారి వచ్చేది. ఆదివారం మా పాప మొదటి పుట్టినరోజు. ఉత్తరాన దూరంగా ఉన్న డిగ్లీపూర్ నుంచి అత్తవారి బలగం పదిమంది దిగబోతున్నారు. వాళ్ల కోసం లక్ష్మి చెంబు చెంబూ మిగిల్చి నాలుగు డ్రమ్ముల నీళ్లు దాచింది. బుధ, గురువారాలు వాన దంచింది. శుక్రవారం పొద్దున్నే మబ్బు చూసి, వేలు తడిపి, "వచ్చేసింది!" అని ప్రకటించాను.

"ఏటొచ్చేసింది? గాలింకా తిరగనేదు. మా నాన్ననడగండి," అని చెప్పి లక్ష్మి పాపకు గౌను కొనడానికి బజారుకెళ్లింది.

అడగడమేమిటి, ఫోన్ చేసి చెప్పేశాను. "మామయ్యా, మాన్‌సూన్ వచ్చేసింది. రేపటికి మీ డిగ్లీపూర్ కూడా వచ్చేస్తుంది!"

ముప్ఫయ్యేళ్లు సముద్రంలో వేట చేసిన మామగారు, "అలాగేటి అల్లుడుగారూ," అని ఊరుకున్నారు. ఆ మర్యాదను నేను మెచ్చుకోలు అనుకున్నాను.

ఇక ఆగానా! వీధంతా చాటింపు వేశాను. కొత్త వాన పట్టాలి కదా, పాత నీళ్లెందుకని నాలుగు డ్రమ్ములూ ఖాళీ చేశాను. ఇల్లు కడిగాను, స్కూటర్ కడిగాను, కడిగిన స్కూటర్‌నే మళ్లీ కడిగాను. డ్రమ్ముల్ని చూరు కింద వరుసగా పెట్టి కూర్చున్నాను.

మధ్యాహ్నానికి ఎండ కాసింది. శనివారం ఇంకా బాగా కాసింది. డ్రమ్ముల్లో పడింది ఒక బల్లి మాత్రమే. కొళాయేమో మళ్లీ సోమవారమే.

"రేపు పదిమందికీ ఏటి పోస్తారు? మీ సూత్రమా?" అంది లక్ష్మి.

ఎదురింటికి పరిగెత్తాను. "దీదీ, రెండు బకెట్లు పానీ ఇస్తారా?"

"మీరే కదా భయ్యా, బారిష్ ఆ గయీ అని అరిచినారు! నేనూ డ్రమ్ము కడిగేసినాను."

వీధంతా అదే జవాబు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. బిడ్డ తొలి పుట్టినరోజుకు వచ్చే చుట్టాల కాళ్లకు చెంబెడు నీళ్లివ్వలేని తండ్రినయ్యాను.

సాయంత్రం బస్సు దిగి వాళ్లు వీధి మలుపులో కనిపించారు. పదిమందీ చేతికో పెద్ద క్యాను మోసుకొస్తున్నారు.

"నీళ్లే, అల్లుడుగారూ," అన్నారు మామగారు చెమట తుడుచుకుంటూ.

"వాన రాదని మీకెలా తెలిసింది మామయ్యా? గాలి చూశారా?"

"వాన సంగతి నాకేటి తెలుస్తాది బావూ! మీరు వచ్చేసిందని ఫోన్ సేసినారు కదా, అందుకే నింపీసినాం."

ఆ క్యాను మీద చెయ్యి వేసి అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను. ఇకపై నేను నిలువునా తడిసి ముద్దవుతున్నా సరే, వాన పడుతోందన్న మాట ముందు లక్ష్మి నోటినుంచే రావాలి.