చెప్పమన్నవాళ్ళ పేరు

కణేకల్ వైపు కాలువ కింద మా ఊరు. ఊళ్ళో నా గొంతు తెలియని ఇల్లు లేదు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను, ఎవరేమనుకున్నా సరే. మా ఆయన ఆటో నడుపుతాడు, నేను వెనక కూర్చుని మైకు పడతాను. కంటి డాక్టర్లు వచ్చినా, ఎనుము తప్పిపోయినా, మనిషి పోయినా ఊరికి కబురు నా నోటనే చేరాలి. చావు కబురు చెప్పేటప్పుడు ఆటోను మెల్లగా పోనిమ్మంటాను. అప్పుడు పొయ్యి దగ్గరున్న ఆడవాళ్ళు కూడా గరిటె పక్కన పెట్టి వాకిట్లోకి వస్తారు.

ఈ పని మా నాయన నుంచి వచ్చింది. ఆయనకు మైకు లేదు, తప్పెట ఉండేది. నాలుగు దెబ్బలు కొట్టి, ఈ కబురు ఫలానా వాళ్ళు చెప్పమన్నారని మొట్టమొదట పేరు చెప్పేవాడు. ఆ తర్వాతే సంగతి. ఎందుకని చిన్నప్పుడు అడిగాను. "పేరు చెప్పకపోతే అది నా మాట అయితాది పాపా. నేను సూడంది నా మాట ఎట్లయితాది?" అన్నాడు. నాయన పోయి చాలా ఏళ్ళయింది. మైకు పట్టిన మొదటి రోజు నుంచీ నాదీ అదే పద్ధతి.

మొన్నటి పంచాయతీ ఎన్నికలప్పుడు, సర్పంచి పదవికి నిలబడ్డ ఒక పెద్ద రైతు మా ఇంటికొచ్చాడు. మామూలు రోజుల్లో "ఏమే" అని పిలిచే మనిషి ఆ రోజు "అక్కా" అన్నాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"దిగువ ఊరోళ్ళు రాత్రిళ్ళు వచ్చి మన తూములకు గోనెసంచులు అడ్డం పెడతాండారు, మన నీళ్ళు తీసకపోతాండారు అని చెప్పాల అక్కా" అన్నాడు.

"చూసినోళ్ళు ఎవరు అన్నా?" అని అడిగాను.

"అదంతా నీకెందుకు? ఊరంతా అనుకుంటాండారని చెప్పు. నా పేరు ఎత్తొద్దు. పొద్దునా సందెకాడా అదే మాట చెప్తా తిరుగు. చావు కబురు చెప్తావు సూడు, ఆ గొంతుతో."

నాకు ఒళ్ళు మండింది. ఎంత తెలివి! చూసినవాడు లేడు, చెప్పినవాడు లేడు. ఉన్నదల్లా భయం, దాన్ని మోయడానికి నా గొంతు. ఆయన మాట ఊరు నమ్మదని ఆయనకూ తెలుసు, అందుకే నా దగ్గరికి వచ్చాడు. రోజూ అదే చెవిన పడితే చివరికి ఎవరో ఒకరు "నేనూ చూసినా" అంటారు. ఫోన్లలో దినామూ జరిగేది ఇదే కదా.

మా అక్కను ఇచ్చింది ఆ దిగువ ఊరికే. తెల్లారేసరికి తోటి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, మా ఊరి తోటల్లో మిరపకాయలు కోయడానికి వస్తుంది. ఊరు ఈ మాట నమ్మితే వాళ్ళ ఆటోను పొలిమేర దాటనిస్తారా? కూలి పోతే పోయింది, కొట్టరని ఏం నమ్మకం?

ఆ రైతు వెళ్ళాక మా ఆయన భయపడ్డాడు. "కాదంటే ఇంగొకర్ని పెట్టి చెప్పిస్తాడు. మన నోటికాడ కూడు పోతాది" అన్నాడు.

"కాదని ఎవరన్నారు? చెప్తాం. నాయన చెప్పినట్ల చెప్తాం. ఆటో తియ్" అన్నాను.

పాల కేంద్రం ముందర ఆటో ఆపించాను. ఈ రాతలో ఎవరి పేరూ రాయడం లేదు గానీ, ఆ సాయంత్రం మైకులో ఆయన పేరు ఇంటిపేరుతో సహా చెప్పాను. ఈ కబురు ఆయన చెప్పమన్నాడన్నాను. తూముల సంగతి ఆయన చెప్పింది చెప్పినట్టే చెప్పాను. చూసినవాళ్ళ పేరు ఆయన చెప్పలేదన్నాను. తన పేరు ఎత్తొద్దన్నాడనీ, ఊరంతా అనుకుంటున్నారని చెప్పమన్నాడనీ అన్నాను. చావు కబురు గొంతుతోనే. ప్రతి వీధిలోనూ అదే.

పాలు పోయడానికి వచ్చిన ఒక ముసలాయన నవ్వాడు. "ఊరంతా అంటే మేము కాదేమప్పా? మేమెప్పుడు అనుకుంటిమి?" అన్నాడు. కాసేపటికి కొందరు ఆ పెద్ద రైతు ఇంటికే పోయి, ఏ తూము, ఎవరు చూసినారు అని అడిగారట. ఆయన ఇంట్లో లేడని చెప్పించాడట.

అయినా నాకు లోపల గుబులే. మర్నాడు పొద్దున్నే రోడ్డు మీదికి వెళ్ళి నిలబడ్డాను. రోజూ వచ్చే వేళ దాటిపోయింది, ఆటో జాడ లేదు. నా గొంతే మా అక్కకు ఎసరు పెట్టిందేమో అనుకున్నాను. అప్పుడు వచ్చింది ఆటో, ఎప్పటిలాగే కిక్కిరిసి. వెనక అంచున మా అక్క కూర్చుని ఉంది.

నన్ను చూసి ఆటోను మెల్లగా పోనిమ్మంది. "ఏమ్మే, నిన్న నీ నోరు మా ఊరి దాకా వచ్చిందే" అంది.

"ఎవరు చెప్పినారక్కా?"

"మీ ఊరోళ్ళే. వాళ్ళంతట వాళ్ళే ఫోన్లు చేసినారు. ధైర్యంగా రాండి, మేముండాము అన్నారు."

"ఎవరెవరు?" అని ఆటో వెంట నడుస్తూ అడిగాను.

ఆటో ఆగలేదు. అక్క కమ్మీ పట్టుకుని బయటికి వంగి, తోట మలుపు తిరిగేదాకా ఒక్కొక్కరి పేరూ గట్టిగా చెబుతూ పోయింది, అచ్చం మా నాయన మాదిరి.