తాలీంలో నేను గెలిచిన కుస్తీలు

మా చిన్నాయన కొడుకు బీదర్ జిల్లా అంతటా పేరున్న పహిల్వాన్. వాడి గురించి రాయమని ఇంట్లో అందరూ పోరుతున్నారు కాబట్టి రాస్తున్నాను. నా ఇష్టానికి వదిలేస్తే ఒక్క ముక్క కూడా రాయను.

వాడు నాకంటే ఏడాదిన్నర చిన్న. కమఠాణ నుంచి బీదర్‌లోని తాలీంకు, అంటే కుస్తీ నేర్పే చోటికి, పొద్దున్నే ఇద్దరం ఒకే సైకిల్ మీద వెళ్లేవాళ్లం. తొక్కేది నేను. వెనక కూర్చుని బాదం పప్పులు నమిలేది వాడు. ఆ బాదం మా నాయనమ్మ వాడి ఒక్కడికే నానబెట్టేది. అడిగితే, "నీకేమైందిరా, గట్టిగనే ఉన్నవ్. వాడు పీలగున్నడు" అనేది. నాలుగేళ్లు తిరిగేసరికి వాడు గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు వచ్చేది కాదు. అయినా బాదం మాత్రం ఆగలేదు.

తాలీంలో మట్టిని గుల్ల చేసి, జోడీలుగా సాధన చేసేవాళ్లం. దాన్ని జోర్ అంటారు. నా జోడీ వాడే. పదిసార్లు పట్టుకుంటే ఆరేడుసార్లు నేనే వాణ్ని వెల్లకిలా పడేసేవాణ్ని. చాకలి బండకేసి బట్ట ఉతికినట్టు, భుజం మీదుగా ఎత్తి కొట్టే పట్టు వాడికి నేర్పింది కూడా నేనే.

సంతపూర్ జాతరలో తనకు రెండింతలున్న మనిషిని వాడు ఆ పట్టుతోనే పడగొట్టాడు. జనం భుజాలకెత్తుకుని ఊరేగించారు. వాడి చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాల నడిచింది నేను. ఆ తర్వాత ఉద్‌గీర్ నుంచి వచ్చిన పేరుమోసిన పహిల్వాన్‌తో బీదర్‌లో అరగంట పెనుగులాడి, మళ్లీ నా పట్టుతోనే గెలిచాడు. వెండి కడియం తొడిగి, జరీ రుమాలు చుట్టారు. నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఆ కడియం నాది, ఆ రుమాలు నాది అనిపించింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఒక్కసారి జనం ముందు వాణ్ని పడేస్తే చాలు, నా కడుపుమంట చల్లారుతుంది. కానీ ఒకే తాలీం వాళ్లు దంగల్‌లో, అంటే జనం ముందు జరిగే పోటీలో, ఎదురెదురుగా దిగకూడదు. అందుకని నేను తాలీం మార్చి భాల్కిలో చేరాను. మా ఇద్దరికీ కుస్తీ నేర్పిన బీదర్ ఉస్తాద్‌కు ఒక్క మాటైనా చెప్పలేదు. మా నాయన రెండు నెలలు నాతో మాట్లాడలేదు. మన రాష్ట్రానికి కర్ణాటక అని పేరు పెట్టిన ఏడాది, భాల్కి దంగల్‌లో వాడి పేరు చెప్పి సవాలు చేశాను.

వాడు మట్టిలోకి దిగి నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, మనకొద్దే ఇది. ఇంటికి పోదాం పా."

"ఏంరా, బుగులైతాందా? భయపడ్డవా?" అన్నాను.

చేతులు కలిపాం. ఆ తర్వాత నేనేం చేశానో నాకే తెలియదు. నా వీపు నేలకు తగిలింది. కాలు జారిందని, మళ్లీ పట్టాలని అరిచాను. వాడు ఒప్పుకున్నాడు. రెండోసారి ఇంకా త్వరగా పడ్డాను.

చూడ్డానికొచ్చి గట్టు మీద కూర్చున్న మా బీదర్ ఉస్తాద్ దగ్గరికి పోయి, "తాలీంల రోజు నేనే గెలుస్తుంటి గద! ఇదేంది?" అని అడిగాను.

ఆయన నన్ను వింతగా చూశాడు.

"జోరంటే ఏందిరా? బలమున్నోడు పడాలె, లేనోడు నేర్వాలె. వాడు నీకోసం పడుతుండె. గిన్నేండ్లల్ల నీకు గదే ఎరుక లేదా?"

నేను చేరిన కొత్తలో పెద్ద పహిల్వాన్లు అలాగే పడి నాకు ధైర్యం నేర్పారు. అది నాకు తెలుసు. కానీ చిన్నవాడు నాకోసం పడతాడని ఎలా అనుకుంటాను?

వాడు వెనకాలే వచ్చి, తల దించుకుని, నా వీపు మీది మట్టి దులుపుతున్నాడు. "చెయ్యి తియ్యి" అన్నాను. రెండుసార్లు ఓడించినందుకు వాణ్ని ఎప్పుడో క్షమించాను. అన్నేళ్లు ఓడిపోయినందుకు మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.