జతలో రెండో గ్లాసు

మా పక్కింటి మేష్టారు మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. కొరాపుట్ ఆస్పత్రిలో నర్సుని, చావులు నాకు కొత్త కాదు. అయినా ఆ కబురు వినగానే డ్యూటీ వదిలి వచ్చేశాను. ఆయన దగ్గర చరిత్ర చదువుకున్నవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. ఆయన మొండితనం మీకూ తెలిసే ఉంటుంది.

లక్ష్మీపూర్ బడిలో పనిచేసే రోజుల్లో, రోడ్డు కోసం మట్టి తవ్వుతుంటే పాతకాలపు కుండలు బయటపడ్డాయట. లోపల మనుషుల ఎముకలు, పూసలు, మూతి మీద బోర్లించిన గిన్నె. కూలీలు హడలిపోయి పరిగెడితే, ఈయన ప్యాంటు మడుచుకుని గోతిలోకి దిగారు. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వసారాలో కూర్చుని ఆ కథ చెప్పేవారు.

"పెద్ద ఎముకలే ఉన్నాయమ్మి. అంటే శవాన్ని ముందు వేరేసోట ఉంచీసి, తర్వాత ఎముకలు ఏరి తెచ్చి కుండలో ఎట్టేరన్నమాట. ఆళ్ళు ఏ దేవుడికి మొక్కేరో తెలీదు. గిన్నె ఎట్టినోళ్ళకి ఎంత పేమ ఉందో మాత్రం తెలుస్తాది."

రెండు కుండలు పక్కపక్కనే ఉన్నాయట. అవి మొగుడూ పెళ్ళాలవేనని ఆయన తేల్చేశారు.

"ఒక్కటే దొరికితే ఏం చేస్తారు మేష్టారూ?" అన్నాను.

"రెండోదాని కోసం సుట్టూ తవ్వి సూస్తాం. మనిషిని ఒంటరిగా ఒగ్గెయ్యరు కదా!"

ఆయన భార్య పోతే, ఆమె పుట్టిన ఏటి ఒడ్డు ఊళ్ళోనే సమాధి చేశాం. వాళ్ళ పెళ్ళికి ఇద్దరి పేర్లూ కొట్టించిన స్టీలు గ్లాసులు జత ఉండేవి. శవపెట్టె మూసేముందు మేష్టారు ఒక గ్లాసు ఆమె చేతి పక్కన పెట్టారు. మనలో ఈ ఆచారం లేదు మేష్టారూ అని పాస్టరుగారు నసిగారు.

"రెండోది నాదండి. నన్నూ దీని పక్కనే ఎట్టండి. ఎప్పుడో తవ్వినోడికి తెలుస్తాది, మేవిద్దరం ఒకటని."

ఆయనకున్న ఆశల్లా అదే.

తర్వాత ఆనకట్ట వచ్చింది. ఆ ఊరు మునిగిపోతుందన్నారు. ఆమె ఎముకలు తెచ్చుకుంటానని ఈయన ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఇళ్ళకైతే ఏదో ఇస్తాం గానీ సమాధుల సంగతి మాకు తెలీదన్నారు. ఇవాళ రా, రేపు రా అంటుండగానే వానలు పట్టుకున్నాయి. సంతలో కొన్న కొత్త కుండ చంకన పెట్టుకుని ఆయన వెళ్ళేసరికి శ్మశానం నీళ్ళలో ఉంది. ఆ కుండతోనే తిరిగొచ్చి మా గుమ్మంలో కూలబడ్డారు.

"అంత పాతకాలపోళ్ళు సేసిన పని నేను సెయ్యలేకపోయేనమ్మి. ఇంక నాకు గ్లాసెందుకు? ఎవులికైనా ఇచ్చీ."

ఆ తర్వాత ఆయన కుండల ఊసు ఎత్తలేదు. టీ మాత్రం ఆ గ్లాసులోనే తాగేవారు.

బుధవారం ఇక్కడి శ్మశానంలోనే ఆయన్ని పెట్టాం. ఎవరికైనా ఇచ్చెయ్యమని ఆయన అన్నా సరే, గ్లాసు కడిగి తుడిచి ఆయన చేతి పక్కన నేనే పెట్టాను. ఈసారి పాస్టరుగారే పెట్టె మూత ఎత్తి పట్టుకున్నారు. వేల ఏళ్ళకి ఎవరో తవ్వుతారు. మట్టి దులిపి, రెండు పేర్లున్న ఆ గ్లాసు చూసి, రెండో మనిషి కోసం చుట్టూ తవ్వుతూనే ఉంటారు.