సింకుకు కోసిన ముక్కలో నాయన

తాండూరులో పుట్టినవాళ్ళకు ఒక పొగరు ఉంటుంది, రాయి గురించి మాకెవరూ చెప్పనక్కర్లేదని. నాకది కాస్త ఎక్కువే. నాయన బండల పాలిష్ యూనిట్లో బతుకంతా పనిచేసి పోయాడు. నేను అదే వీధిలో కంప్యూటర్‌తో నడిచే మిషన్ పెట్టుకుని ఇళ్ళకు పేరు పలకలు చెక్కుతుంటాను. బండను వేలి గణుపుతో కొట్టి, మోతను బట్టి మంచిదో పగుళ్ళదో చెప్పేస్తాను. ఆ తెలివే నన్ను బోల్తా కొట్టించింది.

అమ్మకు కళ్ళ నరాలు ఎండిపోతున్నాయి. మిగిలిన చూపు కూడా ఎక్కువ కాలం ఆగదని డాక్టరు దాచకుండా చెప్పాడు. గోడ మీది ఫోటోలో నాయన ఆమెకు ఎప్పుడో మాయమయ్యాడు. ఫోనులో పెద్దగా చేసి చూపిస్తే ఆ వెలుగు పడక కళ్ళ వెంట నీళ్ళు కారేవి. ఒకరోజు అన్నం తింటూ తింటూ ఆగిపోయింది.

“మీ నాయన మొఖం యాదికొస్తలేదు బిడ్డా. మీసం యాదికుంది, మొఖం లేదు.”

అప్పుడు పట్టుకున్నాను లిథోఫేన్ సంగతి. తెల్లటి పలకలో ఫోటోను ఎత్తుపల్లాలుగా చెక్కడమే అది. పల్చనైన చోట వెలుగు దాటుతుంది, మందమైన చోట ఆగుతుంది. వెనక చిన్న దీపం పెడితే ముఖం మెత్తగా వెలుగుతుంది. మా బండ దానికి పనికిరాదు, వెలుగును చచ్చినా పోనివ్వదు. వంటగట్టు మీద వేసే, రాయిలా కనిపించే ప్లాస్టిక్ రకం పలక, సాలిడ్ సర్ఫేస్ షీటు కావాలి. వికారాబాదులో వంటగదులు అమర్చే ఒకాయన దుకాణానికి పోయాను. సింకు కోసం గట్టుకు కంత కోస్తే ఊడివచ్చిన ముక్కలు పెరట్లో దొంతరగా ఉన్నాయి. అన్నిటినీ గణుపుతో కొట్టాను. బరువుగా ఉండి, ఖంగుమని మోగి, సన్నటి చుక్కలతో అచ్చం మంచి రాయిలా ఉన్నదాన్ని ఎంచుకుని, ఏదో గెలిచినదానిలా రైలెక్కాను.

చెక్కి, వెనక దీపం పెట్టి, తలుపు మూసి అమ్మను ఎదురుగా కూర్చోబెట్టాను. చాలాసేపు చూసింది.

“ఎవరో అమ్మవారు పోసినాయన లెక్కున్నడు. మీ నాయనకు గిన్ని మచ్చలు లెవ్వు.”

పైకి అందంగా ఉన్న చుక్కలన్నీ వెలుగు పడగానే నల్లబడి బుగ్గల నిండా పరుచుకున్నాయి. కళ్ళూ ముక్కూ అంతా మసి. కోపం ఆగక ఆ పలకను మూలకు విసిరికొట్టాను. నా కోపం షీటు మీద కాదు, నా గణుపు మీద.

ఆ సాయంత్రం మూలన పడ్డ ముక్కను చేతిలోకి తీసుకున్నవాడు చిచ్చా, నాకు చిన్నాన్న లెక్క. నాయన పక్క మిషన్ మీద పాలిష్ పట్టిన మనిషి. ఇప్పటికీ పెద్దేముల్ నుంచి షేరింగ్ ఆటోలో పనికి వస్తాడు, వస్తూ పోతూ ఇంటి ముందరున్న మా షాపులో చాయ్ తాగుతాడు.

“కొట్టి చూస్తే గట్టిదేదో తెలుస్తది బేటీ. మనకు గట్టిది ఎందుకు? వెలుగును పోనిచ్చేది కావాలె గదా.”

“దీని గురించి నీకెట్ల తెలుసు చిచ్చా?”

“నాకేం ఎరుక? అరగదీస్తే అదే చెప్తది.”

మర్నాడు ఇద్దరం వికారాబాదు పోయాం. చిచ్చా సంచిలోంచి పాలిష్ పట్టే రాయి, నీళ్ళ సీసా తీసి పెరట్లో గొంతుకూర్చున్నాడు. ఒక్కో ముక్కకూ ఒక మూల దోసె అంచంత పల్చన అయ్యేదాకా అరగదీశాడు. అంచు పొడిపొడిగా రాలితే పక్కన పెట్టేశాడు, సన్నగా చెక్కితే విరుగుతుందని. నిలిచినవాటిని ఎండకు ఎత్తి, వెనక తన అరచేయి ఆడించి, నీడ తేటగా కదులుతోందా అని చూశాడు. ఒకటి పసుపుపచ్చగా తేలింది. ఒకటి లోపల మబ్బు మబ్బుగా ఉంది. మొదట నవ్విన దుకాణం ఆయన కాసేపటికి తనే ముక్కలు తెచ్చి అందించసాగాడు.

చివరికి మిగిలింది, చెక్కలా మొద్దుగా పలికిందని మొన్న నేను అవతల పడేసిన ముక్క. చుక్క లేదు, మచ్చ లేదు. వెలుగు దాంట్లోంచి అంతటా ఒకేలా, పల్చటి మజ్జిగలా దిగింది.

“సాఫ్ ఉంది. లోపల ఏం దాస్తలేదు,” అన్నాడు చిచ్చా.

ఆ మనిషిని చూస్తే నాకు ముచ్చటేసింది, సిగ్గు కూడా వేసింది. రాయి గురించి నాకంటే వందరెట్లు తెలిసినవాడు, కొత్త వస్తువు ముందు నాకు తెలియదు అని అంత హాయిగా అనగలిగాడు. నాకది ఇన్నేళ్ళొచ్చినా చేతకాలేదు. చెక్కడం అయ్యాక అలవాటు కొద్దీ మెరుపు పట్టబోతే చేయి పట్టుకుని ఆపాడు.

“వద్దు బేటీ. మెరుపు పడితే మొఖం అరుగుతది.”

బతుకంతా మెరుపు పట్టిన మనిషి అన్న మాట అది.

ఆ మధ్యాహ్నం కిటికీలు మూసి దీపం వేశాను. చిచ్చా గడప దగ్గరే నిలబడ్డాడు. అమ్మ ముందుకు వంగింది. చేయి పైకి లేచి గాల్లోనే ఆగింది.

“లైటు బంద్ చెయ్ బిడ్డా,” అన్నది చివరికి.

ఇదీ కనబడలేదనుకున్నాను. చిచ్చా తల దించుకున్నాడు. దీపం ఆర్పేశాను. ఆ చీకట్లో అమ్మ గూట్లోకి చేయి పెట్టి దేనికోసమో తడుముతోంది. దువ్వెన చేతికి దొరికాక నా వైపు తిరిగింది.

“గట్లనే నన్నే చూస్తుండు. జర తల దువ్వుకోనీ, గప్పుడెయ్యి.”