చిల్లికాణీకి చింతపండు పరీక్ష

మీ జేబులో ఉన్న రూపాయి బిళ్ల విలువ రూపాయేనని మీకు ఎవరు చెప్పారు? ఎప్పుడైనా నిలదీసి అడిగారా? అడగలేదు. ఈ దేశంలో అలా అడిగేవాణ్ణి నేనొక్కణ్ణేనని, రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నాకు గట్టి నమ్మకం ఉండేది. నమ్మకాలన్నిటినీ చీల్చి చెండాడేవాడి దగ్గర ఆ ఒక్క నమ్మకం ఎలా మిగిలిపోయిందని మాత్రం నన్ను అడక్కండి. అలా అడిగే ఉత్సాహంలోనే ఒక పెద్దమనిషి జీవితకాలపు ఆశను మా వంటింటి గట్టు మీద పెట్టి, కొబ్బరిపీచుతో రుద్దేశాను. ఆ ఘోరం చెబుతాను, వినండి.

అప్పట్లో మేం ముగ్గురం. బాపట్ల నుంచి శేషాచలం మాస్టారు వచ్చేవారు. పురోహితుల ఇంట పుట్టి, తెలుగు పంతులుగా రిటైరైన మనిషి. రేపల్లె నుంచి పాసింజరులో వెంకట్రావు దిగేవాడు. అతనిది స్టీలు సామాన్ల కొట్టు. కొత్త బిందెకు మారుగా పాత రాగి, ఇత్తడి తీసుకునేవాడు, ఆ పాత సామానులోంచి పాత నాణేలు ఏరి అమ్మేవాడు. తెనాలివాణ్ణి నేను. మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఆదివారం తెనాలి స్టేషన్లో ప్లాట్‌ఫారం చివరి బెంచీ మా సభాస్థలి. మాస్టారికి దేవుడున్నాడు, నాకు లేడు, వెంకట్రావుకు బేరాన్ని బట్టి ఉండేవాడు. అయినా ఒకే పొట్లంలో వేరుశెనక్కాయలు తినేవాళ్లం.

మాస్టారి పిచ్చి చిల్లికాణీలు. నడుమ చిల్లు, పైన కిరీటం, గుండ్రటి కంచు బిళ్ల. చిన్నపిల్లల మొలతాళ్లకు కట్టినవీ, బండి చీలలకు వాషర్లుగా బిగించినవీ అడిగి మరీ తెచ్చుకునేవారు. ఒక ఆదివారం ఆయన చొక్కా జేబులోంచి దూదిలో చుట్టిన ఒక కాణీ తీశారు.

“కిరీటం పక్కన చూడు నాయనా. ఆవగింజలో సగం ఉంటుంది చుక్క. నా దగ్గర ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయి గానీ అరిగిపోయాయి. ఇదొక్కటే శుభ్రంగా కనిపిస్తోంది. ఇది వేరే రకం. ఇంతవరకూ ఎవరూ గుర్తించలేదు.”

“గుర్తించడం అంటే ఏంటి మాస్టారూ?”

వెంకట్రావు అందుకున్నాడు. “నగరంలో నాణేల సంఘం ఒకటి ఉంది కదండీ. ఏటా పుస్తకం వేస్తారు. పరీక్షించి, వేరే రకమే అని తేలితే దానికో నంబరిస్తారు. నంబరు లేకపోతే ఇది పది రూపాయల పాత సామానండి. నంబరు పడిందా, బొంబాయి నుంచి ఫోన్లు చేసి వేలు పోస్తారు.”

“నాకు వేలొద్దయ్యా,” అన్నారు మాస్టారు మెల్లగా. “మొదట కనిపెట్టిన వాడి పేరు నంబరు కింద చిన్న అక్షరాల్లో వేస్తారు. జీవితమంతా ఇంకొకరు రాసిన పాఠాలే చెప్పాను. నేను కనిపెట్టింది ఒక్కటి, నా పేరుతో అచ్చులో చూసుకోవాలని ఉంది.”

పాఠకులారా, మనిషన్నవాడు ఇక్కడ ఆగిపోవాలి. నేను మనిషినా? ఉపన్యాసకుణ్ణి!

“నిన్నటి కంచే నేడూ! అదే బరువు, అదే చిల్లు. ఎవరో కుర్చీలో కూర్చుని నంబరు వేయగానే విలువ ఊడిపడుతుందా? రాయికి బొట్టు పెట్టి దేవుడన్నట్టే ఇదీనూ!”

“సార్, రాయికి బొట్టు పెడితే హుండీ నిండుతుందా, లేదా?” అన్నాడు వెంకట్రావు. “నాకు రాయి సంగతి వద్దండి, హుండీ సంగతి చెప్పండి.”

“పోనీ, ఆ చుక్క నాణెం కొట్టిన అచ్చులోదే అని రుజువేంటి? మురికి కావచ్చు. ఈగ రెట్ట కావచ్చు!”

మాస్టారి మొహం ఎర్రబడింది. “ఈగ రెట్టా? నా కళ్లజోడు మీద ఒట్టు, అది అచ్చే!”

“ఒట్లు చెల్లవు మాస్టారూ. పరీక్షకు నిలిచిందే సత్యం. ఒక్క వారం నాకివ్వండి.”

ఆయన కాణీని దూదితో సహా నా అరచేతిలో పెట్టారు. “నువ్వు అబద్ధం చెప్పవని ఇస్తున్నాను. జాగ్రత్త.”

ఎందుకు జాగ్రత్తో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఊళ్లోవాళ్లందరినీ ప్రశ్నలడిగేవాడు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే!

ఇక్కడ నా ఆయుధ చరిత్ర కొంత చెప్పాలి. అంతకు ముందు ఏడాది నిజాంపట్నంలో ఒకాయన, రాగిరేకు మీద అక్షరాలు వాటంతటవే పుడుతున్నాయని చెప్పి పళ్లెంలో చిల్లర పోయించుకుంటున్నాడు. నేను జనం మధ్యలో నిలబడి ఆ రేకును చింతపండుతో తోమాను. అక్షరాలు చెయ్యి కడుక్కున్నంత తేలిగ్గా పోయాయి. చేపల వేలం ఆపి మరీ జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి చింతపండంటే నాకు పులుసులోకి వేసే వస్తువు కాదు, శాస్త్రీయ దృక్పథం. ఏ ఊరు వెళ్లినా సంచీలో ఒక ఉండ ఉండేది.

మరునాడు వంటింటి గట్టు ముందు కూర్చున్నాను. చింతపండు, రాళ్లుప్పు, కాస్త బూడిద, కొబ్బరిపీచు. మా ఆవిడ సుగుణ కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడింది.

“ఏవండీ, ఎవరిదది?”

“సత్యానిది.”

“సత్యం గారిదైతే ఆయన్ని ఒక్కమాట అడిగి తోమండి. మా అమ్మ దీపపు సెమ్మెను మీరు తోమిన రోజు గుర్తుందా? పువ్వులన్నీ అరిగిపోయాయి.”

“అది భక్తి. ఇది పరిశోధన.”

“రెండిట్లోనూ అరిగేది వస్తువే కదండీ,” అని వెళ్లిపోయింది. నేను వినిపించుకోలేదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినవాళ్లుంటారేమో గానీ, చుక్క మీద చింతపండు వేసినవాణ్ణి నేనొక్కణ్ణే. రుద్దాను. కడిగాను. మళ్లీ రుద్దాను. నలుపు పోయింది, గోధుమ రంగు పోయింది. కాణీ అప్పుడే పుట్టిన పసిపాపలా ఎర్రగా తళతళలాడింది. చుక్క మాత్రం పోలేదు. కిరీటం పక్కన కొండంత నిలబడింది!

చెబితే నమ్మరు, నాకు ఆనందం పట్టలేదు. ఓడిపోయినందుకు! సాక్ష్యం ముందు తల వంచడమే కదా మా సిద్ధాంతం. ఆదివారం దాకా ఆగలేక, దొరికిన బండెక్కి బాపట్ల పోయాను. మాస్టారి ఇంటి అరుగు మీద వెంకట్రావు కూడా ఉన్నాడు. కాణీని సంఘానికి ఎలా పంపాలో మాట్లాడుకుంటున్నారు.

“మాస్టారూ! మీరే గెలిచారు! చుక్క నిజం!” అని వీధిలోంచే కేకేసి, దూది విప్పాను.

మాస్టారు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. స్తంభం పట్టుకుని మెల్లగా కూర్చున్నారు.

“చంపేశారు సార్,” అన్నాడు వెంకట్రావు.

“చంపడమేంటి? సాక్ష్యం ఇంకా స్పష్టమైంది!”

“పాత నాణేనికి ఆ పాత రంగే ప్రాణమండి. అచ్చులోది అచ్చులోదే అని ఆ రంగే చెబుతుంది. తోమినదాన్ని వాళ్లు ముట్టుకోరు. ఎవడో మేకుతో చుక్క కొట్టి, గుర్తు తెలియకుండా తోమాడంటారు.”

కొండను తవ్వి ఎలుకను పట్టినవాణ్ణి లోకం వెక్కిరిస్తుంది. ఎలుక ఉందో లేదో చూడ్డానికి నేను కొండనే అరగదీశాను. మాస్టారు నన్ను తిట్టలేదు. “పోనీలే నాయనా, చుక్క ఉందన్నావుగా,” అన్నారు. ఆ మాటకంటే చెప్పుదెబ్బ నయం.

తప్పు దిద్దుకోవాలని ఆ సంఘానికి కాణీతో పాటు నేనే ఉత్తరం రాసి పంపాను. ఎలాంటి ఉత్తరమనుకున్నారు! “ఈ నాణేన్ని నేను స్వయంగా చింతపండు, ఉప్పు, బూడిదలతో శాస్త్రీయంగా తోమి పరీక్షించితిని. చుక్క చెక్కుచెదరలేదు. కావున కనిపెట్టినవారు బాపట్ల శేషాచలం మాస్టారు అని గుర్తించ ప్రార్థన.” నేరస్థుడే నేరం చేసిన విధానాన్ని వివరంగా రాసి, కింద సంతకం పెట్టి, బహుమతి అడిగినట్టుంది కదూ? నాణెం తిరుగు టపాలో వచ్చింది. అరిగిపోయిన మిగతావి పంపినా లాభం లేకపోయింది.

మరుసటి ఏడాది పుస్తకంలో చుక్క కాణీకి నంబరు పడింది. ఏదో దూరపు ఊరివాడు తోమని కాణీ పంపాడు. నంబరు కింద అతని పేరుంది. ఇక చూడండి! నిన్నటిదాకా వాషరు, నేడు మహారాజు. సంగం జాగర్లమూడి నుంచి ఒక రైతు ఎడ్లబండి చీల ఊడదీసి వెంకట్రావు కొట్టుకు తెచ్చాడు. మొలతాళ్లు కోసి తెచ్చిన తల్లులున్నారు. మేకుతో చుక్క కొట్టి తెచ్చిన ప్రబుద్ధులకైతే లెక్కలేదు. వెంకట్రావు భూతద్దం కొన్నాడు.

“మరి మాస్టారి కాణీ ధరెంత?” అడిగాను సిగ్గు విడిచి.

“దాన్నా సార్? కిటికీ గొళ్లేనికి బిగించుకోండి, గట్టిగా ఉంటుంది.”

ఒక ఆదివారం బెంచీ మీద మాస్టారు ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను తల దించుకున్నాను. ఆయన ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. భుజాలు ఊగేలా, దగ్గు వచ్చేలా.

“నంబరు కింద హెచ్చరిక చదువు నాయనా!”

చదివాను. “తెనాలి ప్రాంతం నుంచి ఈ రకం నాణెం ఒకటి చింతపండుతో తోమి పంపబడినది. సభ్యులు అట్టి ప్రయత్నములు చేయరాదు.”

“నా పేరు అచ్చులోకి ఎక్కలేదు గానీ నీ చింతపండు ఎక్కిందయ్యా! నంబరుతో సహా గుర్తింపు!”

వెంకట్రావు వేరుశెనక్కాయలు ఒలకబోసుకుని నవ్వాడు. రేపల్లె పాసింజరు వెళ్లిపోతున్నా చూసుకోలేదు. మాస్టారు లేరిప్పుడు. అంత ఓడిపోయి అంత హాయిగా నవ్విన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ధర లోకుల నమ్మకమే అని ఇప్పటికీ వాదిస్తాను, రండి! కానీ సాక్ష్యాన్ని చెరిపే పరీక్ష పరీక్ష కాదు, అదీ ఒక మూఢాచారమే. కాబట్టి ఉప్పు, బూడిద, కొబ్బరిపీచుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక ఈ జన్మలో (మరో జన్మ లేదు కనుక ఇది సంపూర్ణ ప్రతిజ్ఞ) పరుల సత్యాన్ని నేను తోమను.

ఇక మీ వంతు. మీ వీధిలోనూ ఎవరో ఒక పెద్దాయన దూదిలో ఏదో చుట్టుకుని, చూసేవాడి కోసం కూర్చుని ఉంటాడు. లేవండి. ఈ సాయంత్రమే వెళ్లండి. చేతులు వెనక్కి కట్టుకుని చూడండి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాయండి, కింద ఆయన పేరు పెట్టి రేపే టపాలో వేయండి!